కుండనీళ్లతో బ్రెడ్

మే నెలలో హైదరాబాదు కొత్తపేటలో పొద్దున్న ఆరింటికే కుళాయి నీళ్లు గోరువెచ్చగా వస్తాయి. మేడమీది నల్ల ట్యాంకు రాత్రి కూడా పూర్తిగా చల్లారదు. థర్మామీటరు పెట్టి చూస్తే 34 డిగ్రీలు. ఇన్నేళ్లూ ఆ నీళ్లతోనే బియ్యం కడిగాను, పప్పు కడిగాను. ఎన్ని డిగ్రీలున్నాయో చూడాలన్న ఆలోచనే రాలేదు. బ్రెడ్ మిషన్ ఇంటికి వచ్చాక చూడాల్సి వచ్చింది.

మిషన్ వచ్చింది జనవరిలో. 400 గ్రాముల మైదా, 260 మిల్లీలీటర్ల నీళ్లు, 4 గ్రాముల ఈస్ట్, 7 గ్రాముల ఉప్పు, 15 గ్రాముల చక్కెర, అంతే నూనె. మూడు గంటల్లో పైభాగం గుమ్మటంలా లేచిన బ్రెడ్ బయటికి వచ్చేది. సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా ఒక్కటీ చెడలేదు. ఏప్రిల్ మూడో వారంలో అదే మైదా, అదే కొలత, అదే బటన్. మూత తీస్తే నడుమ గుంట. కోసి చూస్తే లోపల పెద్ద పెద్ద బొక్కలు, పులిసిన కల్లు వాసన. మరునాడు మళ్లీ చేశాను, మళ్లీ అంతే.

మా అత్తగారిది నల్గొండ వైపు. ఆ ముక్కను వాసన చూసి, "ఎండకాలంల గూడ గంతే టైము పెడ్తే పులువదా బిడ్డా? దోసెపిండి నాలుగు గంటలకే లేస్తలేదా?" అన్నారు. బ్రెడ్ మిషన్ గురించి తర్వాత నేను చదివినదంతా, చేసి చూసినదంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరిగింది.

మిషన్‌లో ఉన్నవి నిజానికి చాలా కొద్ది వస్తువులు: ఒక గిన్నె, దాని అడుగున తిరిగే ఒక బ్లేడు, ఆ బ్లేడును తిప్పే మోటారు, గిన్నె చుట్టూ ఒక హీటరు, వేడిని చూసే ఒక సెన్సరు, అన్నిటినీ నడిపే ఒక గడియారం. మొదట పిండి కలుపుతుంది, కాసేపు ఆగుతుంది, మళ్లీ పిసుకుతుంది. పొంగడానికి వదులుతుంది, మధ్యలో బ్లేడును ఒకటి రెండు చుట్లు తిప్పి గాలి తీసేస్తుంది, మళ్లీ పొంగనిస్తుంది. చివర ఓ గంట కాలుస్తుంది. పిండి పొంగే దశలో చలిగా ఉంటే హీటరు కొద్దికొద్దిగా వెలిగి లోపల 30 డిగ్రీల చుట్టుపక్కల ఉంచుతుంది. జనవరిలో నా బ్రెడ్ బాగా రావడానికి కారణం అదే. కానీ ఈ మిషన్ వేడి చేయగలదు, చల్లబరచలేదు. వంటింట్లో 37 డిగ్రీలుంటే సెన్సరుకు ఆ సంగతి తెలిసినా దాని చేతిలో ఉన్నది హీటరును వెలిగించకుండా ఉండటమే. పిండి పొంగిందా లేదా అని చూసే కన్నూ దానికి లేదు. గడియారం చెప్పినంతసేపు ఆగి, గడియారం చెప్పగానే కాలుస్తుంది.

ఈస్ట్ అనేది ఒకే కణం ఉన్న బూజుజాతి జీవి. కల్లును పులియబెట్టేదీ ఈ కుటుంబమే, అందుకే ఆ వాసన. చక్కెరను తిని కార్బన్ డయాక్సైడ్‌నూ ఆల్కహాల్‌నూ వదులుతుంది. మామూలు వేడిమిలో పది డిగ్రీలు పెరిగితే దాని వేగం సుమారు రెట్టింపవుతుంది. 27 డిగ్రీల దగ్గర గంట పట్టే పొంగు 37 దగ్గర అరగంటలో అయిపోతుంది. మిగిలిన అరగంటా పిండి పొంగుతూనే పోతుంది. లోపలి పొరలు సాగి సాగి పలచబడతాయి. కాల్చడం మొదలై గాలి ఇంకా వ్యాకోచించగానే తెగిపోతాయి. నడుమ పడే గుంట అదే.

ఆ పొరల పేరు గ్లూటెన్. గోధుమలో గ్లూటెనిన్, గ్లియాడిన్ అనే రెండు ప్రొటీన్లుంటాయి. నీళ్లు తగిలి, పిసికితే అవి ఒకదానికొకటి అల్లుకుని వలలా అవుతాయి. తెలుగింట్లో దీన్ని వేళ్లతో ఎరిగినవాళ్లు బొబ్బట్లు చేసేవాళ్లు. మైదాను పలచగా కలిపి, నూనె పోసి, గంటలకొద్దీ నానబెట్టి, చివరికి అరిటాకు మీద కాగితంలా సాగదీసినా చిరగకుండా తెస్తారు. జొన్నపిండిలో ఆ వల లేదు. అందుకే జొన్నరొట్టెకు వేడినీళ్లు పోసి గంజిపదార్థాన్ని జిగురుగా మార్చుకుంటాం, అందుకే ఆ రొట్టె పొంగి బ్రెడ్డు కాదు. ఇడ్లీపిండిలోనూ గ్లూటెన్ లేదు. అక్కడ గాలిని పట్టి ఉంచేది మినప్పప్పు జిగురు, పులియబెట్టేది ప్రధానంగా బాక్టీరియా. దారులు వేరైనా, ఎండ పెరిగితే గడువు తగ్గించాలన్న సూత్రం మాత్రం అన్నిటికీ ఒకటే.

పిసకడాన్ని మిషన్ నేర్చుకున్న కథ జపాన్‌ది. 1980లలో ఒసాకాలోని మత్సుషిత కంపెనీ, ఇప్పటి పానసోనిక్, ఇంటి బ్రెడ్ మిషన్ చేయడానికి పూనుకుంది. మొదటి నమూనాల్లో పైపొర మాడేది, లోపల పచ్చిగా ఉండేది. చేత్తో కలిపిన పిండినీ మిషన్ కలిపిన పిండినీ ఎక్స్‌రే తీసి పోల్చినా తేడా ఎక్కడుందో దొరకలేదు. ఇకుకో తనాకా అనే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, ఊళ్లో మంచి బ్రెడ్‌కు పేరున్న ఒసాకా ఇంటర్నేషనల్ హోటల్ ప్రధాన బేకర్ దగ్గర శిష్యురాలిగా చేరి చేత్తో పిండి పిసకడం నేర్చుకుంది. ఆయన పిండిని లాగడమే కాదు, లాగుతూ మెలి తిప్పుతున్నాడని ఒకరోజు ఆమె గమనించింది. ఆ మెలికను తెప్పించడానికి గిన్నె లోపలి గోడకు నిలువు గట్లు పెట్టారు. 1987లో మిషన్ బజారులోకి వచ్చింది. ఇకుజిరో నొనాకా, హిరొతాకా తకేఉచి 1995లో రాసిన పుస్తకంలో ఈ సంగతంతా ఉంది. చేతికి తెలిసి నోటికి రాని విద్యను యంత్రంలోకి ఎలా తెస్తారన్నదానికి వాళ్లు ఇచ్చిన ఉదాహరణ ఇది. మీ ఇంట్లో మిషన్ ఉంటే గిన్నె లోపల వేలితో తడిమి చూడండి, చాలా కంపెనీల గిన్నెల్లో ఆ గట్టు తగులుతుంది.

ఒసాకా బేకర్ చేతి మెలిక మిషన్‌లోకి వచ్చింది. కొత్తపేట ఎండ రాలేదు. దాన్ని మనమే తేవాలి.

బేకరీల్లో దీనికొక పాత లెక్క ఉంది. కలిపిన పిండి ముద్ద 27 డిగ్రీల దగ్గర ఉండాలనుకుంటే, 27ను మూడుతో హెచ్చవేస్తారు. 81 వస్తుంది. అందులోంచి పిండి వేడిమి, గది వేడిమి, పిసికేటప్పుడు రాపిడి వల్ల కలిసే వేడి, ఈ మూడూ తీసేస్తారు. మిగిలింది నీళ్లకు ఉండాల్సిన వేడిమి. రాపిడి అంకె ఒక్కో మిషన్‌కు ఒక్కోలా ఉంటుంది. పిసకడం అయ్యాక ముద్దలో థర్మామీటరు గుచ్చి నాలుగైదుసార్లు వెనక్కి లెక్కేసుకుంటే మా మిషన్‌కు 8 తేలింది. జనవరి పొద్దున గది 20, పిండి 20. 81లోంచి 48 పోతే 33. అంటే గోరువెచ్చటి నీళ్లు. మేలో గది 36, అలమారలోని పిండీ 36. 81లోంచి 80 పోతే మిగిలేది 1. ఒక్క డిగ్రీ నీళ్లు!

ఒక్క డిగ్రీ నీళ్లంటే ఐసు వేయాల్సిందే. ఒక గ్రాము ఐసు కరగడానికి 80 కెలోరీల వేడిని లాగేసుకుంటుంది. ఆ లెక్కన 34 డిగ్రీల కుళాయి నీళ్లతో 260 గ్రాములు కావాలంటే అందులో 75 గ్రాములు ఐసుండాలి. 8 డిగ్రీల ఫ్రిజ్ నీళ్లయితే 20 గ్రాములు చాలు. ఐసును నీళ్లతో కలిపే తూచాలి, విడిగా వేస్తే నీళ్లు ఎక్కువైపోతాయి. ముక్కలు పూర్తిగా కరిగాకే గిన్నెలో పోయాలి. గట్టి ఐసుగడ్డ బ్లేడుకింద పడితే గిన్నె పూతకు గీత పడుతుంది.

నాకు ఇంతకంటే నచ్చిన దారి ఇంకొకటి ఉంది. పిండిని ముందురాత్రే ఫ్రిజ్‌లో పెట్టేస్తాను. పిండి 10 డిగ్రీలకు దిగితే లెక్క మారుతుంది. 81లోంచి 10, 36, 8 తీసేస్తే 27. మే నెల పొడిగాలికి మట్టికుండలో నీళ్లు దాదాపు అంతకే చల్లబడతాయి. కుండ చెమర్చి, ఆ చెమ్మ ఆవిరవుతూ లోపలి వేడిని తీసుకుపోవడం వల్ల వచ్చే చల్లదనం అది. ఐసు తూకాలు లేవు. కుండలోంచి గ్లాసుతో ముంచి తూచి పోస్తే అయిపోతుంది. ఆగస్టులో గాలి తేమగా ఉన్నప్పుడు కుండ అంత చల్లబడదు, కానీ అప్పటికి గదిలోనూ వేడి తగ్గి ఉంటుంది. ఎండాకాలంలో ఈస్ట్‌ను కూడా 4 గ్రాముల నుంచి 3కు తగ్గించాను. ఉప్పు మాత్రం తగ్గించను, ఈస్ట్ పరుగును నిలువరించేది అదే, గ్లూటెన్‌ను గట్టిపరిచేదీ అదే. ఈ మార్పులు చేశాక మే నెలలో వరసగా పన్నెండు బ్రెడ్లు కాల్చాను. ఒక్కదానికీ గుంట పడలేదు.

నీళ్ల గురించి ఇంకో మాట. మావైపు కుళాయికి వచ్చేది కృష్ణా నీరు. నాగార్జునసాగర్ దగ్గర తోడి, కోదండాపూర్‌లో శుద్ధి చేసి, సాహెబ్‌నగర్ మీదుగా పంపుతారు. చాలా అపార్ట్‌మెంట్లలో దానికి బోరునీళ్లు కలుస్తాయి. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం కొంతవరకు గ్లూటెన్‌కు బలమే. మరీ కఠినమైన బోరునీళ్లయితే ముద్ద బిగుసుకుని మెల్లగా పొంగుతుంది. ఆర్వో ఫిల్టరు నీళ్లతో ఇందుకు తలకిందులు, లవణాలు పోవడంతో ముద్ద జిగురుగా అతుక్కుంటుంది. ఆర్వో నీళ్లే వాడేవాళ్లు పది మిల్లీలీటర్లు తగ్గించి చూడవచ్చు.

ఇక పిండి. బ్రెడ్ మిషన్ కొన్నవాళ్లలో చాలామంది మైదా వద్దనుకునే కొంటారు. గోధుమపిండితో మొదటి ప్రయత్నం ఇటుకరాయిలా వచ్చేసరికి మిషన్‌ను అటక మీద పెట్టేస్తారు. తప్పు మిషన్‌ది కాదు, మన పిండిది కూడా కాదు. గిర్నీలో రాళ్ల మధ్య నలిగిన పిండి చేత్తో పట్టుకోలేనంత వేడిగా బయటికి వస్తుంది. ఆ ఒరిపిడికి గంజి రేణువులు బాగా పగులుతాయి. పగిలిన రేణువు నీళ్లు ఎక్కువ పీలుస్తుంది. మెత్తగా మడత పడే చపాతీకి కావలసింది అదే. బ్రెడ్‌కు మాత్రం అది అడ్డు. పగిలిన గంజిని ఎంజైములు త్వరగా చక్కెరలుగా విడగొట్టడంతో లోపల బంకగా మిగులుతుంది. పైగా తవుడు అంచులు గ్లూటెన్ పొరలను కోస్తాయి. అందుకని 400 గ్రాముల గోధుమపిండికి 260 కాదు, 300 నుంచి 320 మిల్లీలీటర్ల నీళ్లు పోయాలి. గిన్నెలో పిండీ నీళ్లూ ఐదు నిమిషాలు కలిపించి, మిషన్ ఆపేసి, అరగంట నాననివ్వాలి. బొబ్బట్ల పిండిని నానబెట్టినట్టే. తవుడు మెత్తబడుతుంది, గ్లూటెన్ తనంతట తాను అల్లుకోవడం మొదలుపెడుతుంది. ఆ తర్వాత ఈస్ట్, ఉప్పు వేసి హోల్ వీట్ బటన్ నొక్కాలి. మొదటి నెల సగం మైదా, సగం గోధుమపిండితో చేతిని అలవాటు చేసుకోవడం మంచిదని నా అభిప్రాయం.

చెయ్యి అన్నాను. మిషన్ ఉన్నా చెయ్యి అవసరమే. పిసకడం మొదలైన పదో నిమిషంలో మూత తీసి చూడాలి. ఆ దశలో మూత తీస్తే ఏమీ కాదు. ముద్ద చపాతీ పిండి కన్నా మెత్తగా, బొబ్బట్ల పిండి కన్నా గట్టిగా ఉండాలి. గిన్నె గోడల్ని వదిలేసి ఒకే ఉండగా తిరగాలి. అడుగున బురదలా పారుతుంటే చెంచా పిండి, ఎండి ముక్కలుగా ఎగురుతుంటే చెంచా నీళ్లు. కాల్చడం మొదలయ్యాక మాత్రం మూత ముట్టకూడదు.

ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ కాలనీల్లో పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లు చాలా. వాళ్లు తిరిగొస్తూ తెచ్చే సామాన్లలో బ్రెడ్ మిషన్ కూడా ఉంటుంది. అది 120 వోల్టులది. మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే వెంటనే కాలిపోతుంది. వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. 600 వాట్ల మిషన్‌కు 1000 వాట్లది ఉంటే వేడెక్కకుండా నడుస్తుంది. అయినా ఒక తేడా మిగులుతుంది. అక్కడి కరెంటు ఫ్రీక్వెన్సీ 60 హెర్ట్జ్, ఇక్కడిది 50. ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని మార్చలేదు. ఆ మోటారు ఇండక్షన్ రకమైతే ఇక్కడ ఆరోవంతు మెల్లగా తిరుగుతుంది, కాస్త ఎక్కువ వేడెక్కుతుంది. అక్కడి వంటపుస్తకంలో 'బ్రెడ్ ఫ్లోర్' అన్నదానిలో ప్రొటీను 12, 13 శాతం దాకా ఉంటుంది, మన మైదాలో సాధారణంగా పది చుట్టుపక్కల. అక్కడ పోయమన్నన్ని నీళ్లు ఇక్కడ పోస్తే ముద్ద జారుతుంది. కప్పులు వదిలేసి గ్రాముల్లో తూచుకోవాలి. మంచి ఎలక్ట్రానిక్ తూకం లేకుండా ఈ పని పెట్టుకోవద్దని అడిగినవాళ్లందరికీ చెబుతున్నాను.

మన దగ్గర అమ్మే మిషన్‌కు మామూలు ఆరు ఆంపియర్ల ప్లగ్గు సరిపోతుంది, 600 వాట్లకు లాగేది మూడు ఆంపియర్ల లోపే. ఒక బ్రెడ్‌కు సుమారు అర యూనిట్ కరెంటు. కరెంటు పోతే చాలా మోడళ్లు ఐదు, పది నిమిషాల దాకా ఎక్కడ ఆగాయో గుర్తుంచుకుంటాయి. అంతకు మించితే, పొంగే దశలో ఉన్న పిండిని కదపకుండా అలాగే ఉంచి, పొంగాక కాల్చే బటన్ ఒక్కటే నొక్కుకోవచ్చు.

శుభ్రం సంగతికి వస్తే, మిషన్‌ను త్వరగా చంపేది గిన్నెను నీళ్లలో ముంచడం. గిన్నె అడుగున బ్లేడు ఇరుసుకు ఒక రబ్బరు సీలు, దాని కింద బేరింగు ఉంటాయి. నీళ్లు గిన్నె లోపల పోసి నానబెట్టాలి గాని, గిన్నెను సింకులో ముంచేయకూడదు. డిష్‌వాషర్ అసలు వద్దు. సీలు అరిగిందేమో అనుమానమొస్తే గిన్నెలో సగం నీళ్లు పోసి పాత పేపరు మీద రాత్రంతా పెట్టండి. పొద్దున పేపరు తడిస్తే సీలు పోయినట్టే. సీలు పోయిన గిన్నెలోంచి పిండినీళ్లు హీటరు మీద కారతాయి. బ్లేడు ఇరుసుకు పట్టేస్తే కత్తితో పొడవద్దు. వేడినీళ్లు పోసి పావుగంట ఉంచితే ఎండిన పిండి కరిగి వదులుతుంది. ముందే ఇరుసుకు చుక్క నూనె రాస్తే ఆ అవసరమే రాదు. లోపలి పూత మన నాన్‌స్టిక్ దోసెపెనం మీద ఉండేదే, స్టీలు గరిటె తగలనీయకూడదు.

ఊరికే చెప్పే జాగ్రత్త కాదు గాని, గ్రానైటు గట్టు అంచున మిషన్ పెట్టకండి. గట్టి ముద్ద పిసికేటప్పుడు అది కదిలి కదిలి అంచుదాకా వచ్చేస్తుంది. కింద రబ్బరు చాప వేయాలి. కాల్చిన తర్వాత మూత తెరిచి ఉంచితే ఆవిరి పోతుంది. చల్లారాక రాలిన పొడిని పొడిబట్టతో తీసేయాలి, తడి బ్రష్షుతో కాదు. పొడి మిగిలితే చీమలు వస్తాయి. వాటికంటే పెద్ద బెడద బొద్దింకలు. వెచ్చగా, చీకటిగా, తిండి రాలే చోటు వాటికి ఇల్లే. అవి సర్క్యూట్ బోర్డు దాకా వెళితే మిషన్ తనంతట తాను ఆగిపోతుంటుంది. వాడనప్పుడు ప్లగ్గు తీసి, గుడ్డసంచీలో కట్టి పెట్టడం ఒక్కటే దారి.

బయట కొన్న బ్రెడ్ నాలుగు రోజులుంటుంది, ఇంట్లోది వానాకాలంలో రెండోరోజుకే బూజు పడుతుంది. బయటిదానిలో కాల్షియం ప్రొపియొనేట్ లాంటి నిల్వపదార్థం ఉంటుంది. బేకరీల్లో ఒకప్పుడు పిండి బలానికి పొటాషియం బ్రోమేట్ కూడా కలిపేవారు. 2016 మేలో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ పరీక్షించిన 38 నమూనాల్లో 84 శాతంలో పొటాషియం బ్రోమేట్ గాని, అయోడేట్ గాని బయటపడ్డాయి. మరుసటి నెలలోనే బ్రోమేట్‌ను దేశంలో నిషేధించారు.

బూజు కంటికి కనిపిస్తుంది. కనిపించనిది ఇంకొకటి ఉంది. పిండిలో వచ్చే ఒక రకం బాసిల్లస్ బాక్టీరియా విత్తులు కాల్చినా చావవు. ఎండాకాలంలో బ్రెడ్‌ను వేడిగా ఉండగానే మూటగడితే ఒకటి రెండు రోజుల్లో లోపల మొలకెత్తుతాయి. ముక్క విరిస్తే తీగలు సాగుతాయి, మగ్గి చితికిన ఖర్బూజా వాసన వస్తుంది. కొత్తపేటలో పాతవాళ్లకు ఆ వాసన బాగా తెలుసు. 2021లో బాటసింగారానికి తరలిపోక ముందు గడ్డిఅన్నారం పండ్లమార్కెట్ గేటు దగ్గర మే నెల సాయంత్రం వచ్చే వాసన అది. అలాంటి బ్రెడ్‌ను తినకూడదు, వెనిగర్‌లో తడిపిన బట్టతో మిషన్ లోపల తుడవాలి. తర్వాతి పిండిలో ఒక చెంచా వెనిగర్ వేస్తే ఆ పులుపుకు విత్తులు మొలకెత్తవు, బ్రెడ్‌లో రుచి తేడా తెలియదు. బ్రెడ్‌ను గిన్నెలోంచి వెంటనే తీసి, జాలీ మీద రెండు గంటలు పూర్తిగా చల్లారనివ్వాలి.

పోనీ ఫ్రిజ్‌లో పెడదామంటే గట్టిపడుతుంది. ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం మెతుకు మెతుకుగా బిరుసెక్కేదీ ఇందుకే. ఉడికిన గంజి అణువులు చల్లారేకొద్దీ మళ్లీ వరుసకట్టి స్ఫటికాలవుతాయి. 4 డిగ్రీల దగ్గర ఆ పని అన్నిటికంటే వేగంగా జరుగుతుంది. గడ్డకట్టిస్తే ఆగిపోతుంది. అందుకే ముక్కలు కోసి ఫ్రీజరులో పెట్టి, కావలసినప్పుడు పెనం మీద కాల్చుకుంటాం.

అలా బిరుసెక్కిన ముక్కలను మా ఇంట్లో పారేయరు. మా అత్తగారు వాటిని రెండు రోజులు దాచి డబుల్ కా మీఠా చేస్తారు. డబుల్ రొట్టె అంటే హైదరాబాదులో బ్రెడ్డే. తాజా ముక్కయితే నేతిలో వేగి పాకంలో పడగానే ముద్దయిపోతుంది. తడి ఆరి గంజి బిగుసుకున్న ముక్క మాత్రం పాలనూ పాకాన్నీ లోపలిదాకా పీల్చుకుని కూడా ఆకారం విడవదు. మిషన్ బ్రెడ్‌ను వేలెడు మందాన కోయవచ్చు గనుక ఆ ముక్కలు ఇంకా బాగా నిలుస్తాయి. ఏప్రిల్‌లో నడుమ గుంటపడిన ఆ రెండు బ్రెడ్లూ ఆ తర్వాతి ఆదివారం అలాగే తీపిగా మారి ఖర్చయ్యాయి.